అద్దాలు పోయాయి, సైటు పోలేదు

లేసిక్ చేయించుకుంటే సైటు పోతుందన్న మాట మన ఇళ్లలో ఎంతగా స్థిరపడిపోయిందంటే, దాన్ని ప్రశ్నిస్తే చాదస్తం కింద జమకడతారు. పెళ్లి సంబంధాలు చూడడం మొదలుపెట్టే ముందు, అద్దాలు లేని చూపు అడిగే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే ముందు, పైచదువుకు విమానం ఎక్కే ముందు ముగించుకోవాల్సిన పనుల్లో ఇప్పుడు అదీ ఒకటి. లేజరు పని నిమిషాల్లో అయిపోతుంది, నొప్పి పెద్దగా ఉండదు, మర్నాటికల్లా గోడ మీది క్యాలెండర్లో తిథి, వర్జ్యం కూడా చదవొచ్చు. ఇంతవరకూ చెప్పేదాంట్లో అబద్ధం లేదు. చూపు బాగుపడింది గనక కన్నే బాగుపడిందని, ఇక కంటి డాక్టరుతో పనిలేదని అనుకోవడంతో అబద్ధం మొదలవుతుంది. చదువుకున్నవాళ్ల నోట ఎక్కువగా వినిపించే వాదన ఇంకొకటి ఉంది. లేసిక్ చేసేది కంటి ముందు పొర మీద, రెటీనా ఉండేది కంటి వెనక. ముందు పొరకు చేసే పనికి వెనక పొరను పరీక్షించడం బిల్లు పెంచే ఎత్తు కాకపోతే మరేమిటని వాళ్లు అడుగుతారు. ఈ రెండు మాటలూ ఒకే పొరపాటులోంచి పుట్టాయి. ఈ సర్జరీ తీసేసేది అద్దాలను మాత్రమే. అద్దాలు తెచ్చిపెట్టిన కన్ను ఎలా ఉందో అలాగే ఉంటుంది, దానికి రాసిపెట్టి ఉన్న ప్రమాదాలూ అలాగే ఉంటాయి. కాబట్టి రెటీనా పరీక్షను సర్జరీకి ముందు సంతకం పెట్టించుకునే లాంఛనంగా చూడడం తప్పు. మైనస్ పవర్ ఉన్న మనిషికి సర్జరీకి ముందూ, ఆ తర్వాత జన్మంతా, జరగాల్సిన అసలు వైద్యం అదే.

మైనస్ సైటు ఎందుకు వస్తుందో చూస్తే సగం వాదన అక్కడే తేలిపోతుంది. పెద్దవాళ్లలో మామూలు కంటి గుడ్డు ముందు నుంచి వెనక్కి దాదాపు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. చదువుకునే వయసులో ఆ గుడ్డు అవసరానికి మించి పొడవు సాగితే, దూరపు వస్తువుల నుంచి వచ్చే వెలుగు రెటీనా దాకా రాకముందే కేంద్రీకృతమైపోతుంది, బొమ్మ మసకబారుతుంది. ఒక్క మిల్లీమీటరు పొడవు పెరిగితే రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల పవర్ వస్తుంది. మైనస్ ఆరు దాటిన కన్ను సాధారణంగా 26 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. రెండు మిల్లీమీటర్లే కదా అనిపించవచ్చు. గుడ్డు సాగినప్పుడు లోపల అతుక్కుని ఉన్న రెటీనా కూడా దాంతోపాటు సాగాలి, కొత్త రెటీనా పుట్టదు. అదే పిండి ముద్దను ఇంకా పెద్ద చపాతీగా ఒత్తితే అంచులు ఎలా పల్చబడతాయో, రెటీనా అంచుల్లో అదే జరుగుతుంది. అక్కడక్కడా జల్లెడలా పల్చబడిన పట్టీలు ఏర్పడతాయి. డాక్టర్లు వీటిని లాటిస్ అంటారు. జనాభాలో సుమారు ఆరు నుంచి పది శాతం మందికి ఇవి ఉంటాయి, మైనస్ పవర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. కంటి గుడ్డును నింపి ఉండే విట్రియస్ జెల్లీ ఈ పట్టీల అంచుల్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. వయసుతో ఆ జెల్లీ నీరుకారి వెనక గోడ నుంచి ఊడి వచ్చేటప్పుడు, పట్టు బలంగా ఉన్నచోట రెటీనాను లాగుతుంది. లాగుడికి ఓర్చుకోలేకపోతే చిరుగుతుంది. ఆ చిరుగులోంచి నీరు వెనక్కి చేరితే రెటీనా గోడ వదిలేసి ఊడిపోతుంది.

ఇప్పుడు లేసిక్ ఈ కంటికి ఏం చేస్తుందో లెక్క కడదాం. లేజరు పనిచేసే ముందు పొర, అంటే కార్నియా, మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, దాదాపు 540 మైక్రాన్లు. ఒక్కో డయాప్టరుకు దాంట్లోంచి సుమారు పన్నెండు నుంచి పదిహేను మైక్రాన్లు చెక్కుతారు. మైనస్ ఆరు ఉన్న మనిషికి ఎక్కువలో ఎక్కువ 90 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు కూడా కాదు. 26 మిల్లీమీటర్ల కన్ను సర్జరీ బల్ల దిగేసరికి 25.9 అవుతుంది. పవర్ సున్నా, పొడవు మాత్రం దాదాపు యథాతథం. దీన్ని సర్జరీ లోపమని ఎవరూ అనక్కర్లేదు, దాని గొప్పతనమే అది. 193 నానోమీటర్ల ఎక్సైమర్ కిరణం చుట్టుపక్కల కణజాలాన్ని కాల్చకుండా పైపొరను మాత్రమే సన్నగా లేపేస్తుందని 1981లో అమెరికాలో ఐబీఎం ప్రయోగశాలలో కనిపెట్టిన బృందానికి నాయకుడు మద్రాసు విశ్వవిద్యాలయంలో చదువుకున్న రంగస్వామి శ్రీనివాసన్. ఒక్కో పల్సుకు మైక్రాన్లో నాలుగో వంతు లోతు మాత్రమే తీయగల అంత క్రమశిక్షణ ఉన్న కిరణం కాబట్టే దాన్ని కంటి మీద ప్రయోగించే ధైర్యం వచ్చింది. కార్నియా దాటి లోపలికి వెళ్లకపోవడమే దానిలోని సుగుణమని తెలిసిన మనమే, కంటి వెనక జబ్బును కూడా అది నయం చేసిందని ఎలా నమ్ముతున్నాం? ముందు పొర వేరు, వెనక పొర వేరు అనే వాదన నిజానికి ఆ వాదన చేసేవాళ్లకే ఎదురు తిరుగుతుంది. రెండూ వేరు కాబట్టే, ముందు పొర సరిచేసినంత మాత్రాన వెనక పొర గురించి ఏ భరోసా దొరకదు.

పొడవు సాగిన కంటికి ఎంత ప్రమాదం అన్నది ఊహాగానం కాదు. అమెరికాలో పలు కేంద్రాల్లో రెటీనా ఊడినవారిని, ఊడనివారిని పోల్చి చూసిన అధ్యయనం 1993లో వెలువడింది. మైనస్ ఒకటి నుంచి మూడు లోపు ఉన్నవారికి రెటీనా ఊడే ప్రమాదం సైటు లేనివారి కంటే నాలుగు రెట్లు, మూడు దాటినవారికి పది రెట్లు అని తేలింది. దెబ్బ తగలకుండా, అంతకుముందు ఏ ఆపరేషనూ జరగకుండా రెటీనా ఊడిన కేసుల్లో సగానికి పైగా సైటు ఖాతాలోకే వస్తాయని ఆ అధ్యయనం లెక్కగట్టింది. ఆ మొదటి అంకె దగ్గర కాసేపు ఆగాలి. మైనస్ రెండున్నర ఉన్న కుర్రాడు తనకు పెద్ద సైటేమీ లేదనుకుంటాడు, అతనికీ నాలుగు రెట్లు. రెటీనా ఊడడంతోనే ముప్పు ఆగదు. ఎక్కువ పవర్ ఉన్న కళ్లలో చూపుకు కేంద్రమైన మాక్యులా సన్నబడిపోవడం, దాని కింద కొత్త రక్తనాళాలు పుట్టి రక్తం కారడం, గ్లకోమా ముప్పు పెరగడం కూడా ఉన్నాయి. 2050 నాటికి ప్రపంచ జనాభాలో దాదాపు సగం మందికి మైనస్ సైటు ఉంటుందని 2016లో ఒక అంతర్జాతీయ అంచనా వచ్చింది. పుస్తకం, ఫోను, ట్యూషను తప్ప ఎండ ఎరగని బాల్యాన్ని పెంచి పోషిస్తున్న మన కార్పొరేట్ కాలేజీల రాష్ట్రాలు ఈ లెక్కకు బయట ఉంటాయనుకోవడం అమాయకత్వం.

ఇదంతా వైద్య పత్రికల్లో మగ్గిపోయే పరిజ్ఞానం అనుకుంటే పొరపాటు, మన దేశంలోనే ఒక ప్రభుత్వ వ్యవస్థ దీన్ని నిబంధనగా రాసుకుంది. లేసిక్ చేయించుకుని వచ్చే అభ్యర్థుల విషయంలో భారత వైమానిక దళం వైద్య నియమాలు చార్టు మీద ఆఖరి వరుస చదివితే చాలనవు. సర్జరీ ఇరవై ఏళ్లు నిండాక జరిగి ఉండాలి, జరిగి ఏడాది దాటాలి, కార్నియా మందం 450 మైక్రాన్లకు తగ్గకూడదు, సర్జరీకి ముందు పవర్ ఆరు దాటి ఉండకూడదు. వీటన్నిటితోపాటు కంటి గుడ్డు పొడవు 25.5 మిల్లీమీటర్లకు మించకూడదు, రెటీనా ఆరోగ్యంగా ఉండాలి. ఈ పొడవు నియమం ఎందుకు పెట్టారో ఆలోచించండి. అద్దాలు తీసేసిన అభ్యర్థి పవర్ సున్నా చూపిస్తాడు, అది అతని కంటి చరిత్రను దాచేస్తుంది. పొడవును మాత్రం ఏ లేజరూ దాచలేదు. నష్టం తన మీద పడే సంస్థ కాబట్టి వైమానిక దళం అంకెతో పాటు కన్నునూ చూస్తుంది. నష్టం కుటుంబం మీదే పడేదైనా, మన ఇళ్లలో అంకె ఒక్కటే చూసి మిఠాయిలు పంచుతున్నాం.

ఇక్కడ రెండో వైపు నుంచి వచ్చే అతివాదాన్నీ తోసిపుచ్చాలి. లేసిక్ వల్ల రెటీనా ఊడిపోతుందని, కళ్లు పోతాయని భయపెట్టే వీడియోలకు కొదవలేదు. కార్నియా మీద ఫ్లాప్, అంటే మూతలా లేచే పల్చటి పొర, కోసేటప్పుడు కంటికి ఒక రింగు బిగించి పీలుస్తారు. పాత పద్ధతిలో, బ్లేడుతో కోసేటప్పుడు, కంటి ఒత్తిడి కొన్ని క్షణాలపాటు 65 మిల్లీమీటర్ల పాదరసం దాటుతుంది. మామూలు కంట్లో అది పది నుంచి ఇరవై ఒకటి మధ్య ఉంటుంది. అలా పీల్చడం వల్ల లోపలి జెల్లీ కదిలి, ముందే బలహీనంగా ఉన్న చోట లాగుడు పడవచ్చన్న అనుమానం శాస్త్రీయమైనదే. అయితే వేల కళ్లను ఏళ్ల తరబడి వెంటాడి చూసిన పరిశోధనల్లో లేసిక్ తర్వాత రెటీనా ఊడిన కేసులు వందకు ఒకటి కంటే చాలా తక్కువగానే కనిపించాయి. అంత సైటు ఉన్నవాళ్లకు సర్జరీ లేకపోయినా రాగల సంఖ్య కంటే అవి ఎక్కువని తేలలేదు. కనుక లేసిక్‌ను దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. అర్హత ఉన్న కంటికి, సరైన చేతుల్లో, అది మంచి సర్జరీ. అది ముప్పును పెంచినట్టు రుజువు కాలేదన్నది ఎంత నిజమో, తగ్గించినట్టు రుజువు కాలేదన్నదీ అంతే నిజం. ప్రకటనలు మొదటి సగాన్ని పెద్ద అక్షరాల్లో వేస్తాయి. రెండో సగానికి చిన్న అక్షరాల్లో కూడా చోటుండదు.

మరి అంత అరుదైన దానికి ఇంత హడావుడి ఎందుకని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే, లెక్కతోనే జవాబు చెప్పాలి. మొత్తం జనాభాలో రెటీనా ఊడడం ఏడాదికి పదివేల మందిలో సుమారు ఒకరికి జరుగుతుంది. సైటు లేనివారిలో ఇంకా తక్కువ. దానికి పది రెట్లంటే కూడా ఏడాదికి వెయ్యి మందిలో ఒకరిని దాటదు. ఒక్క ఏడాదికి చూస్తే అది లెక్కలోకి రాని ముప్పు. లేసిక్ చేయించుకునే మనిషి వయసు మాత్రం ఇరవై రెండో, ఇరవై అయిదో. అతను ఆ కళ్లతో ఇంకో యాభై ఏళ్లు బతకాలి. ఏటేటా కూడే చిన్న ముప్పు అన్నేళ్లలో వందమందిలో ఇద్దరు ముగ్గురి దాకా చేరవచ్చు. ఒక పెద్ద ఇంజనీరింగ్ కాలేజీలో ఒక బ్యాచ్‌లో ఎంతమంది అద్దాలు పెట్టుకుంటారో గుర్తు తెచ్చుకుంటే ఆ ఇద్దరు ముగ్గురు ఎంతమందవుతారో తెలుస్తుంది. పైగా అరుదు అన్న మాటకు బలం రావాలంటే ఆ అరుదైన జబ్బు తేలిగ్గా తగ్గేదైనా అయి ఉండాలి, ముందుగా పట్టుకోలేనిదైనా అయి ఉండాలి. ఇది రెండూ కాదు. చిరుగు దశలో దొరికితే ఓపీలోనే కూర్చోబెట్టి చుట్టూ లేజరు కొట్టి పంపేస్తారు. రెటీనా ఊడాక దొరికితే ఆపరేషన్ థియేటరు, లోపలి జెల్లీని తీసేసే విట్రెక్టమీ, కంట్లో గ్యాసు లేదా సిలికాన్ ఆయిల్, రోజుల తరబడి తల వంచుకుని పడుకోవడం, గ్యాసు కరిగేదాకా విమానం ఎక్కకపోవడం. మాక్యులా కూడా ఊడిన తర్వాత వస్తే, రెటీనాను తిరిగి అతికించినా పాత చూపు పూర్తిగా తిరిగొస్తుందన్న హామీ ఏ సర్జనూ ఇవ్వడు.

ముందుగా పట్టుకోవడం అనేది ఎలా సాధ్యమైందో తెలిస్తే పరీక్ష విలువ అర్థమవుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రెటీనా ఊడితే చూపు మీద ఆశ వదులుకోవడమే. ఊడడానికి కారణం చిరుగేనని, ఆ చిరుగును వెతికి మూస్తే రెటీనా తిరిగి అతుక్కుంటుందని స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో జూల్స్ గోనె మొండిగా నిరూపించే దాకా ప్రపంచం నమ్మలేదు. ఆ చిరుగులు ఎక్కువగా ఉండేది రెటీనా అంచుల్లో, సాధారణ పరికరానికి అందని చోట. తలకు తగిలించుకుని రెండు కళ్లతో లోతు చూడగల ఇన్‌డైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోపును 1940లలో చార్లెస్ షెపెన్స్ రూపొందించాక ఆ అంచులు డాక్టరు చూపులోకి వచ్చాయి. ఇప్పటికీ పద్ధతి అదే. కంట్లో మందు వేసి పాపను పెద్దది చేయాలి, రోగిని పడుకోబెట్టాలి, చేతిలో భూతద్దం లాంటి లెన్సు పట్టుకుని, రెప్ప మీద నుంచి చిన్న పరికరంతో కంటి గోడను సున్నితంగా లోపలికి నొక్కుతూ చుట్టూరా పరిశీలించాలి. కంప్యూటరు టెస్టు అని మనం పిలుచుకునే ఆటోరిఫ్రాక్టర్ కంటి పవర్ చెబుతుందే తప్ప రెటీనా గురించి ఒక్క ముక్క చెప్పదు. మామూలు ఫండస్ కెమెరా మధ్య భాగాన్ని మాత్రమే ఫొటో తీస్తుంది. చుక్కల మందు అక్కర్లేని వైడ్‌ఫీల్డ్ కెమెరాలు వచ్చాయి, మంచివే. అవి రెటీనాలో దాదాపు ఎనభై శాతాన్ని ఒక్క క్లిక్కుతో చూపిస్తాయి. మిగిలిన ఇరవై శాతం కొసాకరి అంచు. చిరుగులకు ఇష్టమైన చోటూ దాదాపు అక్కడే. ఫొటో తీశాం, రెటీనా నార్మల్ అని రాసిచ్చిన కాగితం పరీక్షకు సాయమే, పరీక్షకు బదులు కాదు. చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపలేం అన్నది నిజమే. జీవితకాలపు చూపు కోసం లక్ష రూపాయలు పెట్టడానికి సిద్ధపడిన మనిషి ఒక మధ్యాహ్నాన్ని ఇవ్వలేడనడం కుదరదు.

రెటీనా పరీక్షకు వ్యతిరేకంగా నాకు తెలిసినంతలో అన్నిటికంటే బలమైన అభ్యంతరం డబ్బుకో సమయానికో సంబంధించింది కాదు. వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది, దొరికిన ప్రతిదానికీ లేజరు కొడతారు, అక్కర్లేని వైద్యం పెరుగుతుంది అన్నది ఆ అభ్యంతరం. ఇందులో పస ఉంది. అమెరికాలో నార్మన్ బయర్ అనే నిపుణుడు లాటిస్ ఉన్న 423 కళ్లకు ఏ లేజరూ కొట్టకుండా సగటున దాదాపు పదకొండేళ్లు గమనించి 1989లో ఫలితాలు ప్రకటించాడు. రెటీనా ఊడి చూపు మీదికి వచ్చినవి మూడు కళ్లు, అంటే ఒక శాతం కూడా కాదు. పైగా లేజరు కొట్టిన పట్టీలను వదిలేసి, మామూలుగా కనిపించిన చోట కొత్త చిరుగు పడిన సందర్భాలూ వైద్యానికి బాగా తెలుసు. అందువల్ల లాటిస్ కనబడగానే చుట్టూ లేజరు (బరాజ్) కొట్టి, దాన్ని లేసిక్ ప్యాకేజీలో ఒక వరుసగా బిల్లులో చేర్చడాన్ని నేను సమర్థించను. లక్షణాలు లేని, చిరుగు లేని లాటిస్‌ను చాలాసార్లు గమనిస్తూ ఉంటే చాలు. లాగుడుతో గుర్రపు నాడా ఆకారంలో చిరిగి, మెరుపులో నల్లచుక్కలో కనిపిస్తున్న కంటికి మాత్రం వెంటనే లేజరు కావాలి. ఆ లేజరు మచ్చ గట్టిపడడానికి పట్టే రెండు వారాలైనా ఆగకుండా లేసిక్ మాట ఎత్తకూడదు. రెండో కంట్లో ఇప్పటికే రెటీనా ఊడి ఉంటే, ఇంట్లో ఎవరికైనా అలా జరిగి ఉంటే, లెక్క మళ్లీ మారుతుంది. ఈ తేడాలు చెప్పగలిగేది పరీక్షే. చెడు వైద్యం జరుగుతుందన్న భయంతో పరీక్షనే మానేస్తే, లేజరు అక్కర్లేని తొంభై మందిని కాపాడబోయి, తప్పనిసరిగా కావలసిన ఒకడిని గుడ్డితనానికి వదిలేసినట్టు. అతివైద్యానికి విరుగుడు చూడకపోవడం కాదు, చూసింది చూసినట్టు బొమ్మ గీసి, ఎందుకు లేజరు కొట్టాలో ఎందుకు అక్కర్లేదో రాసి, ఆ కాగితం రోగి చేతికివ్వడం.

సరే, సర్జరీకి ముందు పరీక్ష చేశారు, అంతా బాగుందన్నారు, ఇంకేం కావాలి? నా వాదనకు గుండెకాయ ఇక్కడే ఉంది. విట్రియస్ జెల్లీ గోడ నుంచి ఊడడం మామూలు మనుషుల్లో ఎక్కువగా యాభై దాటాక జరిగే పని. మైనస్ కళ్లలో అంతకంటే ముందే, నలభైల్లోనే మొదలుకావచ్చు. ఆ ఊడిక మెరుపులతో, ఈగల్లాంటి చుక్కలతో తెలిసి వచ్చినప్పుడు, అలా వచ్చినవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి చిరుగు కనబడుతుంది. అంటే ఇరవై నాలుగేళ్లప్పుడు చేసిన పరీక్ష, అసలు ముప్పు మొదలయ్యే వయసుకు ఇరవై ఏళ్ల పాతబడి ఉంటుంది. ఈ మధ్యకాలంలో ఏం జరుగుతుంది? అద్దాలు పెట్టుకునే మనిషి తప్పనిసరై ఏడాదికో రెండేళ్లకో కంటి డాక్టరు గడప తొక్కుతాడు. ఫ్రేము విరుగుతుంది, పవర్ మారినట్టు అనుమానం వస్తుంది, ఆఫీసు ఇన్సూరెన్సులో అద్దాల డబ్బు వృథా అవుతుందనైనా వెళ్తాడు. వెళ్లినప్పుడు ఎవరో ఒకరు మైనస్ ఏడు అని చూసి, చుక్కలు వేసి వెనక భాగం చూద్దాం అంటారు. లేసిక్ అయిన మనిషికి వెళ్లడానికి కారణమే లేదు. అతను అద్దాల షాపుకు వెళ్లడు, ప్రభుత్వ శిబిరాల్లోనూ పట్టుబడడు. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన కంటి వెలుగు లాంటి పథకాలు అద్దాలు అవసరమైనవారిని, శుక్లాలు ఉన్నవారిని గుర్తించడానికి పుట్టినవి, ఆ పని పెద్ద ఎత్తున చేశాయి. అక్కడ చార్టు మొత్తం గడగడా చదివేసిన నలభై అయిదేళ్ల మనిషిని ఎవరూ ఆపరు. అతని ముక్కు మీద అద్దాల గుర్తు లేదు, కాగితం మీద పవర్ లేదు. అతనికి 26 మిల్లీమీటర్ల కన్ను ఉందని అతనే మరిచిపోయి ఉంటాడు. సర్జరీ అతని ప్రమాదాన్ని తొలగించలేదు, ప్రమాదాన్ని గుర్తుచేసే చివరి గుర్తును మాత్రం తొలగించింది. ఇంత పని జరిగినప్పుడు, గుర్తుచేసే బాధ్యత సర్జరీ చేసిన ఆసుపత్రి మీద పడుతుంది. ఆరు నెలల ఫాలోఅప్ ఉచితం అని రాసి చేతులు దులుపుకుంటే ఆ బాధ్యత తీరదు.

ఈ మాట లేసిక్‌కే పరిమితం కాదు. కార్నియా మందం చాలనివాళ్లకు కంటి లోపల లెన్సు అమర్చే పద్ధతులున్నాయి. వాళ్ల పవర్ ఎక్కువ కాబట్టి రెటీనా ముప్పూ ఎక్కువే. సహజ లెన్సును తీసేసి కృత్రిమ లెన్సు పెట్టే పద్ధతి యువకుల్లో మరీ ఆలోచించి చేయాల్సింది. తీవ్రమైన మైనస్ ఉన్న కళ్లకు ఇలా లెన్సు తీసేసిన ఒక ఫ్రెంచి బృందం తమ రోగులను వదలకుండా వెంటాడింది. నాలుగేళ్లకు రెటీనా ఊడినవి 1.9 శాతం. ఏడేళ్లకు చూసిన 49 కళ్లలో అది 8.1 శాతం. 1999లో అచ్చయిన ఈ అంకెలు చిన్న బృందానివే, అప్పటి పద్ధతులూ వేరే. అయినా నాలుగో ఏట ఆపేసి ఉంటే ఏం తెలిసేది, ఏడో ఏట ఏం తెలిసింది అన్న తేడా చాలు. మొదటి ఏడాది ఫలితాలు చూపించి ఈ సర్జరీల గురించి తీర్పు చెప్పేవాళ్లకు ఇదే నా జవాబు.

పాత కాగితాలు దాచుకోవాల్సిన అవసరం రెటీనాతో ఆగదు. లేసిక్ తర్వాత కార్నియా పల్చబడుతుంది కాబట్టి కంటి ఒత్తిడి కొలిచే పరికరం ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. గ్లకోమా ముప్పు ఎక్కువగా ఉన్న మైనస్ కంట్లో అసలు గ్లకోమాయే ఆ తక్కువ అంకె చాటున దాక్కోవచ్చు. అరవయ్యేళ్లకు శుక్లం ఆపరేషనప్పుడు పెట్టే లెన్సు పవర్ లెక్క కూడా చెక్కిన కార్నియాలో దారితప్పుతుంది. అప్పుడు డాక్టరుకు లేసిక్ ముందునాటి పవర్, కార్నియా వంపు తెలిస్తే ఎంతో మేలు. అంటే ఇవాళ ఇరవై రెండేళ్ల అమ్మాయి చేతికిచ్చే ఫైలు నలభై ఏళ్ల తర్వాత పనికొచ్చే ఆస్తి. ఇంటి దస్తావేజుల పక్కన పెట్టాల్సిన ఆ ఫైలు మన దగ్గర తరచూ డిశ్చార్జి రోజే చెత్తబుట్టలోకి వెళ్తుంది.

ఇంతమందికి కంటిపాపను పెద్దది చేసి చూసే నిపుణులెక్కడున్నారు, మండల కేంద్రాల్లో రెటీనా డాక్టర్లు దొరుకుతారా అన్న చివరి ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. లేసిక్ యంత్రం ఉన్నచోట మాత్రం ఆ సాకు చెల్లదు. కోట్ల రూపాయల లేజరు కొనగలిగిన ఆసుపత్రి రెటీనా చూడడం వచ్చిన డాక్టరుకు జీతమివ్వగలదు. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల రెటీనాను చూడడం అన్నిటికంటే కష్టమైన పరీక్షల్లో ఒకటి. దాన్ని హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1990ల చివరి నుంచే శిశు వార్డులకు తీసుకెళ్లి చేయించింది. గుప్పెడంత శిశువు దగ్గరికి రెటీనా చూసే పరికరాన్ని మోసుకెళ్లగలిగిన నగరంలో, తన కాళ్ల మీద నడిచి వచ్చి లక్ష కట్టే యువకుడికి ఆ పరీక్ష చేయలేమనడం నమ్మదగ్గ మాట కాదు. చిన్న ఊళ్ల సంగతి వేరు. అక్కడివాళ్లకు సర్జరీ రోజే స్పష్టంగా చెప్పి పంపాలి: ఏడాదికోసారి దగ్గర్లోని పెద్దాసుపత్రిలో చుక్కల మందు పరీక్ష, జీవితాంతం.

ఆసుపత్రులు తమంతట తాముగా మారతాయని ఎదురు చూడక్కర్లేదు. లేసిక్‌కు వెళ్తున్న పాఠకులు రెండు కాగితాలు అడిగి తీసుకోండి: చుక్కలు వేసి, అంచులు నొక్కి చూసిన రెటీనా పరీక్ష బొమ్మతో సహా ఒకటి, కంటి గుడ్డు పొడవు, పాత పవర్, కార్నియా కొలతలతో మరొకటి. ఇచ్చేందుకు వెనకాడే చోట సర్జరీ చేయించుకోకండి. ఇప్పటికే చేయించుకున్నవాళ్లు, ఎన్నేళ్లయినా సరే, కొత్త డాక్టరు దగ్గర మొదటి మాటగా మీ పాత పవర్ చెప్పండి. చీకట్లో మెరుపులు కనిపించినా, ఉన్నట్టుండి నల్లచుక్కలో దారపు పోగులో తేలుతున్నా, చూపులో ఒక పక్క నుంచి తెర దిగుతున్నట్టున్నా, నొప్పి లేదు కదా అని సోమవారం దాకా ఆగకండి. రెటీనాకు నొప్పి తెలిసే నరాలు లేవు. అదే రోజు రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్లండి.